పదిహేడు మామిడి చెట్లు

చాటింపు వేయించి మూడు రోజులైనా చంద్రకాంతమ్మ వెంట ఒక్కరూ కదల్లేదు.

వడమాలపేట దగ్గరి ఆ ఊరి చెరువుకు కొండ నుంచి నీళ్లు తెచ్చే కాలవ పూడిపోయి పదేళ్లయింది. ఇంటికొక మనిషి వారం రోజులు పార పడితే చాలు. ఆ మాటే ఆమె ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

"అందరూ రానీ అక్కా, నేనూ వస్తా" అన్నాడు గోవిందు.

"నీళ్లొస్తే అందరి మడికీ పారతాయి గదా. నేనొక్కడే యాల వంగల్ల?" అన్నాడు నరేంద్ర.

నాలుగో రోజు తెల్లారి ఆమె ఒక్కతే పార భుజాన వేసుకుని పోయింది.

కాలవలో అప్పటికే ఎవరో ముసలాయన మట్టి తోడుతున్నాడు. తలకు తువ్వాలు, ఒళ్లంతా దుమ్ము.

"యా ఊరు పెద్దాయనా?"

"ఈ పక్కనేమ్మా."

"మా కాలవ తోడితే నీకేమొస్తాది?"

"ఈడ నీళ్లు పారేది సూడాలని ఉండాదమ్మా."

చంద్రకాంతమ్మ ఆయన పక్కన నిలబడి తనూ పార వేసింది.

పరాయి మనిషి చెమటోడుస్తుంటే గట్టు మీద నిలబడి చూడటానికి గోవిందుకు సిగ్గేసింది. మధ్యాహ్నానికి దిగాడు. అతణ్ని చూసి నరేంద్ర దిగాడు. మర్నాటికి ముప్పై మంది. పని మొదలైన ఐదో రోజుకు ఊరంతా కాలవలోనే ఉంది. సంగటి గిన్నెలు కూడా అక్కడికే వచ్చాయి.

ఆరో రోజు పని ఆగిపోయింది.

ఎదురుగా మామిడి తోట. అందులో పదిహేడు చెట్లు సరిగ్గా కాలవ నడుమనే ఉన్నాయి. తోటను ఏటా ఎవరో ఒకరు గుత్తకు చేస్తారు తప్ప, సొంతదారుణ్ని ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు.

"వానికేమి, టౌన్లో ఫ్యాను కింద కూర్చోనుంటాడు. మన నోట్లో మన్ను కొట్టినాడు" అని గోవిందు తిట్టాడు.

"అవునప్పా, తప్పే" అన్నాడు ముసలాయన.

"కొడితే కేసు పెడతాడు. ముందు కొట్టినోడే ఇరుక్కుంటాడు" అన్నాడు నరేంద్ర.

గొడ్డలి నలుగురి చేతులు మారింది. ఒక్కరూ ఎత్తలేదు.

ముసలాయన దాన్ని అందుకున్నాడు.

"కేసు పెడితే నా పేరు చెప్పండి."

మొదటి చెట్టు బెరడు మీద ఒకసారి అరచెయ్యి ఆనించాడు. తర్వాత గొడ్డలి ఎత్తి గట్టిగా వేశాడు.

సాయంత్రానికి పదిహేడూ నేలకొరిగాయి. ఆ కేకల్లో, ఈలల్లో ముసలాయన ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ గమనించలేదు. పేరైనా అడగలేదే అని చంద్రకాంతమ్మ నొచ్చుకుంది.

కేసు రాలేదు. కార్తీకంలో వాన వచ్చింది. పదేళ్ల తర్వాత చెరువు నిండి, మిగులు నీళ్లు పొర్లి కలుజు పారింది. 'ఇది మేము తోడిన కాలవ' అని ఊరు ఊరంతా దారిన పోయేవాళ్లను ఆపి మరీ చూపించుకుంది.

తోట సొంతదారుకు క్షమాపణ చెప్పకపోతే బాగుండదనిపించింది చంద్రకాంతమ్మకు. గుత్తదారు దగ్గర అడ్రసు తీసుకుని, గోవిందును వెంటబెట్టుకుని పుత్తూరు వెళ్లింది.

తలుపు తీసింది ఆయన కూతురు ఖమర్ జహాన్.

"మీ నాయన్ను చూడాలమ్మా. అడక్కుండా మీ చెట్లు కొట్టేసినాము. తప్పయింది."

"నాయన పోయి నెలయిందమ్మా."

గోవిందు తల దించుకున్నాడు.

"చెట్లు పోయిన బాధ ఆయన్ను ఎంత తినిందో..." అంది చంద్రకాంతమ్మ.

ఖమర్ జహాన్ కళ్లు చెమ్మగిల్లాయి. తల మాత్రం ఎత్తే ఉంది.

"బాధేంటికమ్మా? 'నాటింది నేనే, ఆ ఊరి కాలవ కోసం మొదటి దెబ్బ ఏసిందీ నేనే' అని, పోయేదాకా ఇంటికొచ్చినోళ్లందరికీ చెప్పుకున్నాడు మా నాయన."