లోపల లేని తెలుగు

ఇందుమతి ఫోను మోగింది. ఎప్పుడోగాని మోగని ఫోను.

"తెనాలి ఇందుమతి గారేనాండి? నా పేరు హనుమయ్య. రేపల్లె నుంచి. మీరు నెట్లో పెట్టిన కొల్లూరు లంకల కథల పుస్తకం దింపుకున్నానమ్మా."

ఆమె ముఖం విప్పారింది. అచ్చులో లేకుండా పోయిన పాత పుస్తకాలను మళ్లీ కంప్యూటరులో కూర్చి, ఎవరైనా చదువుకొమ్మని ఊరికే నెట్లో పెడుతుంది. ఒంటరి మనిషికి అదొక కాలక్షేపం. చదివామని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"ఎలా ఉందండి?"

"అక్షరాలు చాలా అందంగా ఉన్నాయంటున్నారు మావాళ్లు. కానీ లోపల తెలుగు లేదమ్మా. కాస్త యూనికోడ్ ఫాంటులోకి మారుస్తారా?"

ఆయన అన్నది నిజమే. ఆమె ఎంచుకున్నది పాతకాలపు ఫాంటు. పైకి 'అ' అని కనిపిస్తున్నా, కంప్యూటరు లెక్కలో అది ఏదో ఇంగ్లీషు అక్షరమే. యూనికోడ్‌లో అయితే కంప్యూటరుకీ అది 'అ'యే.

"ఆ ఫాంట్లలో ఈ అందం రాదండి బాబాయి గారూ. నా సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు సరిగ్గా కూర్చోవు. చూడ్డానికి బాగుంటే చాలదా?"

"చూడ్డానికైతే చాలమ్మా," అన్నారాయన.

ఆ తర్వాత అప్పుడప్పుడూ ఫోన్ చేసేవారు. "అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగాకే ఫాంటు సంగతి ఎత్తేవారు.

ఆమెను అన్నం తిన్నావా అని అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు. అయినా ఫాంటు గొడవకు విసుగొచ్చింది.

"ఎందుకండీ అంత పట్టుదల?"

"మా ఊరి కథలమ్మా. కృష్ణ నడుమ ఆ లంకలోనే పుట్టాను."

"ఉన్నదున్నట్టు చదువుకోండి. ఇక దీని గురించి నాకు ఫోన్ చెయ్యకండి."

ఆయన మళ్లీ చెయ్యలేదు.

ఒక్కతే కంచం ముందు కూర్చున్నప్పుడల్లా ఆమె చూపు ఫోను మీదికి పోయేది. చివరికి ఉండబట్టలేక పుస్తకమంతా యూనికోడ్‌లోకి మార్చింది. ఒత్తులు సరిచేసుకుంటూ ప్రతి పేజీ మళ్లీ కూర్చింది. ఆ మాట చెబుదామని ఫోన్ చేస్తే ఆయన భార్య విశాలాక్షి తీసింది.

"ఆయన పోయి నెల దాటిందమ్మా."

ఇందుమతి వాళ్ల ఇల్లెక్కడో అడిగి, మర్నాడు రేపల్లె బండెక్కింది.

విశాలాక్షి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చింది. ఇందుమతి తన ఫోనులో కొత్త పుస్తకం తెరిచి చూపించింది.

"మార్చేశానండి పిన్నిగారూ. ఆయన చదవాల్సింది."

"చదవడం ఎక్కడమ్మా, ఫోను చదివిపెడితే వినేవారు. మీ పుస్తకం పెడితే అది ఏవేవో ఇంగ్లీషు అక్షరాలు పలికేది. కట్టెయ్యండీ అంటే వినేవారు కాదు, ఎక్కడో ఒకచోట మా ఊరి పేరు వినబడకపోతుందా అని అలాగే చెవికి ఆనించుకు కూర్చునేవారు."

"వినడమేమిటండీ?" అంది ఇందుమతి.

"మీకు చెప్పలేదా? పుట్టినప్పట్నుంచీ ఆయన ఒక్క అక్షరమైనా కంటితో చూసెరగరమ్మా."