మాట్లాడకూడని గది

"అబ్బాయ్, ఒక్కసారి చెయ్యి ఊపు."

ఇయర్‌ఫోన్లో వినిపించింది గొంతు. అతను తల ఎత్తలేదు.

మందుల పెట్టెలో మడిచి పెట్టే కాగితాన్ని అనువాదం చేస్తున్నాడు. గత నెల ఇలాంటి కాగితంలోనే 'వాడరాదు' అన్నచోట 'వాడవచ్చు' అని రాశాడు. అచ్చుకు వెళ్ళేముందు దొరికింది కాబట్టి సరిపోయింది.

"ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ నీ పనికి వంక పెట్టినవాడు లేడు," అన్నాడు పైఅధికారి ఫోన్లో. "ఇంట్లో కూర్చున్నాక ఏమైందయ్యా? ఈ నెలా ఇంతే అయితే నీ ఉద్యోగం నా చేతుల్లో ఉండదు."

ఇంట్లో ఏమీ కాలేదు. అదే ఇబ్బంది. ఆఫీసు ఎత్తేశారు. మిగిలింది ఒంటిగది, కుర్చీ, మంచం. కుర్చీలో కాసేపు, మంచం మీద కాసేపు. సాయంత్రానికి సగం కాగితం.

అందుకే ఈ గదిలో చేరాడు.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ళ కోసం ఎవరో నెట్‌లో నడుపుతున్న గది అది. ఎవరింట్లో వాళ్ళు కెమెరా పెట్టుకుని కూర్చోవాలి. తెర మీద గళ్ళుగళ్ళుగా అందరూ కనిపిస్తారు. మాట్లాడకూడదు. నలుగురు తలవంచుకుని పని చేస్తుంటే అయిదోవాడికి కునుకు పట్టదని నడిపేవాళ్ళ నమ్మకం.

నిజమే. ఒక గడిలో కళ్ళజోడాయన పద్దులు చూసుకుంటాడు. ఇంకో గడిలో ఒకమ్మాయి బొమ్మలు గీస్తుంది. నవ్వరు, తల తిప్పరు. వాళ్ళను చూస్తే అతనికి సిగ్గేసేది. వేళ్ళు కదిలేవి.

కుదురు లేనిది ఒక్క బొత్తాల పిన్నికే.

యూనిఫాం చొక్కాలకు బొత్తాలు కుట్టి ఇచ్చే పని ఆవిడది. ఆ పేరు అతను మనసులో పెట్టుకున్నదే. సూది ఆపి కళ్ళజోడాయన్ని పిలుస్తుంది. బొమ్మలమ్మాయిని పిలుస్తుంది. ఎవరూ పలకరు. చివరికి ఇతని మీద పడుతుంది.

"నిన్నే నాయనా. చెయ్యి ఊపితే నీ సొమ్మేం పోతుంది?"

"ఇక్కడ మాట్లాడకూడదు పిన్నిగారూ. మిగతావాళ్ళకు ఇబ్బంది."

"ఆ మిగతావాళ్ళ సంగతే అడుగుతున్నా. ఎప్పుడైనా నీతో పలికారా?"

"పనిలో ఉన్నవాళ్ళు ఎందుకు పలుకుతారండీ?"

"నిన్న సూది గుచ్చుకుని కెవ్వుమన్నాను. నువ్వు తప్ప ఒక్కరూ ఇటు చూడలేదు." ఆవిడ గొంతు తగ్గించింది. "నాకు భయంగా ఉంది నాయనా. నువ్వున్నావు కదూ?"

"ఉన్నాను. పనిలో ఉన్నాను."

ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

అక్క ఫోన్ చేసినప్పుడు చెప్పాడు.

"తోచక పలకరిస్తోందిరా పాపం. మూగనోము పట్టినవాళ్ళ మధ్య ఒక్క నోరు."

"నోరా అది? తిరగలి. నా ఉద్యోగం పోతే నువ్వు పెడతావా తిండి?"

"పెడతా. గిన్నెలు నువ్వు తోముకోవాలి."

ఆవిణ్ణి తీసేయమని నడిపేవాళ్ళకు రెండు ముక్కలు రాసి పడేశాడు. వెంటనే జవాబు వచ్చింది. "చింతిస్తున్నాం. సరిచేస్తాం."

మర్నాడు ఆవిడ గడి ఖాళీగా ఉంది. ఆ మర్నాటికి మళ్ళీ వచ్చింది. తలవంచుకుని కుట్టుకుంటోంది. ఎవరినీ పిలవలేదు.

తీసేయకుండా గట్టిగా మందలించి వదిలేశారు కాబోలు అనుకున్నాడు. జాలేసింది. జాలికన్నా ఊరట ఎక్కువ.

పని పరుగెత్తింది. నెలాఖరున పైఅధికారి ఫోన్ చేశాడు.

"నిలబెట్టుకున్నావయ్యా. ఇక నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

ఎవరికైనా చెప్పాలనిపించింది. అక్క ఫోన్ ఎత్తలేదు. తెరకేసి చూశాడు. ఇంతమంది ఉన్నారు కదా అనుకున్నాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

"పిన్నిగారూ, నా ఉద్యోగం నిలబడింది."

బొత్తాల పిన్ని దారం తెంపింది.

"కోపమొచ్చిందా? తప్పు నాదే లెండి."

ఆవిడ ఇంకో చొక్కా అందుకుంది.

"కళ్ళజోడు గారూ, మీరైనా చెప్పండి."

కళ్ళజోడాయన పేజీ తిప్పాడు.

అతను చెయ్యి ఊపాడు. లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఒక్క తలా లేవలేదు.

బొత్తాల పిన్ని దారం ఎక్కించబోయింది. తప్పింది. మళ్ళీ ప్రయత్నిస్తే ఎక్కింది. ముంజేతి మీద ఈగ వాలితే తోలింది. కుట్టింది. చొక్కా మడిచింది. ఇంకోటి అందుకుంది. దారం తప్పింది. మళ్ళీ ప్రయత్నిస్తే ఎక్కింది. ముంజేతి మీద ఈగ వాలింది.

అతని కిటికీ బయట పొద్దుగూకింది. ఆవిడ కిటికీలో మధ్యాహ్నపు ఎండ అలాగే ఉంది.

నడిపేవాళ్ళకు ఫోన్ చేశాడు. ఒకమ్మాయి ఎత్తింది.

"ఆవిణ్ణి ఏం చేశారు?"

"మీరు కోరినట్టే పంపించేశాం సార్. ఆవిడ కుదురుగా కుట్టుకున్న రోజు వీడియో ఒకటి ఉంటే అదే నడుపుతున్నాం. గడి ఖాళీగా ఉంటే బాగుండదు కదండీ."

"కళ్ళజోడాయన?"

"అదీ వీడియోనే సార్. ఇబ్బందేమైనా ఉందా?"

"ఆవిడ నంబరు ఇవ్వండి."

"వెళ్ళిపోయినవాళ్ళ వివరాలు మా దగ్గర ఉంచుకోమండీ."

అతను కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద అందరూ తలవంచుకుని పని చేసుకుంటున్నారు.

"మరి ఇందరిలో మనుషులెవరు?"

"మీరున్నారు కదా సార్," అందా అమ్మాయి. "ఇంకొకరు ఉండేవారు, ఆవిణ్ణే తీసేయమని మీరు రాశారు."