ఏడో నంబరు బిళ్ళ

ఒక్క కాగితం కూడా కాలలేదు. వచ్చినవాళ్ళందరూ ఆమెతో ముందు ఆ మాటే అన్నారు. ఆ తర్వాతే, ఏదో గుర్తొచ్చినట్టు, నాన్న సంగతి ఎత్తారు.

పదకొండో రోజున విచారణ. ఆ పాత పత్రాల భవనంలోనే, ఆఫీసు గదిలో. ఆమె కుర్చీ అంచున కూర్చుంది. జాబితాలు రాసే ఆమె బల్ల పక్క గదిలోనే ఉంది. దానికవతల ఇనుప తలుపున్న కొట్టు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడి చిరిగిన పుస్తకాలు కుట్టి అతికించిన బైండరు ఆమె నాన్న.

ఆ కొట్టులో నిప్పంటుకుంటే నీళ్ళు చల్లరు. తడిస్తే సిరా పోతుంది. తలుపు మూసి మీట లాగితే లోపల గ్యాసు నిండుతుంది. మంటకు ఊపిరాడదు. మనిషికీ ఆడదు. అందుకే తలుపు పక్కన పన్నెండు మేకులు, పన్నెండు ఇత్తడి బిళ్ళలు. లోపలికి వెళ్ళేవాళ్ళు తమ బిళ్ళ జేబులో వేసుకోవాలి. బయటికొచ్చాక మేకుకు తగిలించాలి. పన్నెండూ ఉంటేనే కాపలాదారు మీట లాగాలి.

ఆ రోజు నిప్పంటుకుందని గంట మోగినా నాన్న బయటికి రాలేదు. చేతికందిన కట్టలు ఏరుతూ ఉండిపోయాడు. మూడు కట్టలు గుండెకు హత్తుకుని దొరికాడు.

"మరి మీట ఎందుకు లాగావు?" అధికారి అడిగాడు.

కాపలా బాబాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పది రోజుల్లో సగమైపోయాడు.

"పన్నెండూ ఉన్నాయి సార్. రెండుసార్లు లెక్కపెట్టాను."

"లోపల మనిషుంటే అతని బిళ్ళ బయటెలా ఉంటుందయ్యా?"

"తెలీదు సార్. ఏడో మేకుకు ఉంది."

అధికారి ఫైలు తిప్పాడు. "బిళ్ళ తగిలించడు, జేబులో వేసుకుని తిరుగుతాడు అని పోయినేడు ఫిర్యాదు చేసింది నువ్వే కదా? ఇంకోసారి మరిచిపోతే పనిలోంచి తీసేస్తామని తాఖీదు కూడా ఇచ్చారు."

"అదప్పుడు సార్. అన్నా, ఎద్దుకు గంట కట్టినట్టు మెడకు కట్టుకో అని ఎగతాళి చేసేవాణ్ణి. తాఖీదు వచ్చాక మారిపోయాడు. బయటికొస్తే చాలు, బిళ్ళ మేకుకే ఉండేది."

అధికారి ఆమె వైపు తిరిగాడు. "చూడమ్మా, ఇతని ఉద్యోగం సంగతలా ఉంచు, జైలుకు పోవాలో వద్దో నీ మాట మీదే ఉంది. మీ నాన్నగారి మతిమరుపు నిజంగా పోయిందా?"

కిటికీ అద్దం మీద ఈగ పైకి పాకి జారుతోంది. మళ్ళీ పాకుతోంది. ఆమె దాన్నే చూస్తోంది.

"లేదండీ," అంది. "చివరి రోజు దాకా మరిచిపోతూనే ఉన్నారు."

గుమాస్తా రాసుకున్నాడు. చూపించిన చోట ఆమె సంతకం పెట్టింది.

బాబాయ్ కోపంగా చూడలేదు. "నా కళ్ళే పోయినట్టున్నాయి తల్లీ," అన్నాడు మెల్లగా.

ఆమె వరండాలోకి వచ్చింది. ఉక్కగా ఉందని ఆ రోజు నాన్న విడిచిన జిగురు మరకల పని చొక్కా కొళాయి పక్కన ఇంకా వేలాడుతోంది.

విడిచిన పని చొక్కా చూసి నాన్న భోజనానికి వెళ్ళాడనుకుని, రోజూలాగే ఆ మధ్యాహ్నం కూడా దాని జేబులోంచి బిళ్ళ తీసి, ఎవరూ చూడకుండా ఏడో మేకుకు తగిలించింది ఆమే.