ఖాళీ ఫారం

అనూష లోపలికి రాగానే సుంకన్న షట్టరును సగానికి పైగా దించేశాడు.

"భయపడొద్దు మేడమ్. ఓనరు ఆర్డరు. రోడ్డు మీద పొయ్యేవాళ్లకి కనపడకూడదంట," అన్నాడు.

హొసకోటె దాటాక ఉన్న రేకుల షెడ్డు అది. కిటికీ లేదు. సైకిల్ హ్యాండిళ్లకీ నీళ్ల కొళాయిలకీ అక్కడ క్రోమ్ పూత వేస్తారు. తొట్టిలో ఎర్రటి ద్రావకం బుడబుడమంటోంది. దాని మీంచి లేచే ఆవిరి ముక్కులో సూదుల్లా గుచ్చుకుంటోంది. అనూష చున్నీ అడ్డం పెట్టుకుంది. తొట్టి చుట్టూ సుంకన్న కాక ఇంకో ఐదుగురు మనుషులు ఏమీ లేనట్టే వంగి పని చేసుకుంటున్నారు.

రసాయన మిత్రమండలి ఏటా చేసేది బడిపిల్లలకి రంగులు మారే ప్రయోగాలు చూపించడం. తొంభై ఎనిమిదిలో మాత్రం అధ్యక్షురాలు బాలాత్రిపురసుందరి పట్టుబట్టారు. "పెద్ద ఫ్యాక్టరీలో జలుబు చేస్తే కంపెనీ డాక్టరు చూస్తాడు. అదే పూత వేసే చిన్న షెడ్డులో ముక్కు కుళ్లినా అడిగేవాళ్లు లేరు. మన కెమిస్ట్రీ వాళ్లకి పనికి రాకపోతే ఎందుకు?" అన్నారు. సభ్యులు తలా ఒక షెడ్డు పంచుకున్నారు; అనూష వంతుకి ఇది వచ్చింది. ఫారంలో ఒక్కరైనా పేరు రాయిస్తే చాలు, వచ్చే వారం ముక్కు డాక్టరు అక్కడికే వస్తాడు. పేరు లేని షెడ్డు జాబితాలోంచి పోతుంది.

ఓనరు గంటే టైమిచ్చాడు. నలభై నిమిషాలు అయిపోయాయి. ఫారం ఖాళీగానే ఉంది.

"మీకు ముక్కులోంచి రక్తం వస్తుందా?" అనూష సుంకన్నను మెల్లగా అడిగింది.

"ఎవరికి రాదు?" సుంకన్న నవ్వాడు. "కొత్తోడు చేరిన దినం పాతోళ్లు ఒక ఆట చూపిస్తారు మేడమ్. దారం ఈ పక్క ముక్కులో దూర్చి ఆ పక్క నించి లాగుతారు. ఈ ఆవిరికి మధ్యలో గోడ చిల్లు పడిపోయింటాది, ఇంకేం అడ్డం! కొత్తోడు నోరు తెరిచేస్తాడు. అందరమూ నవ్వుతాము."

"మీకెవరు చూపించారు?"

"ఉండె ఒకాయన. ఇప్పుడు తొట్టి దగ్గరికి రాడులే."

"మీ పేరు రాసుకోనా?"

సుంకన్న నవ్వు పోయింది. "మాతో పని చేసే లింగన్నకి మొన్న రక్తం కారింది. ఓనరు చూసి, 'ఇంక తొట్టి దగ్గరికి రావద్దు పో' అనేసినాడు. నాకు ఇద్దరు ఆడబిడ్డలు. ఈ పని తప్ప ఇంకోటి తెలీదు. రాయొద్దు మేడమ్, మీ కాళ్లకి దండం పెడతా."

మిగిలిన ఐదుగురూ తలెత్తలేదు.

మూల ఉన్న చెక్క గదిలోంచి ఓనరు గోపాలప్ప పిలిచాడు. "రా పాపా, కాఫీ తాగి పో. ఎంతసేపు నిలబడుకుంటావు?"

గది ఇరుకు. ఒక బల్ల, రెండు కుర్చీలు, కరెంటు స్టవ్వు మీద పాలగిన్నె. ఆయన చొక్కా మీంచి అత్తరు గుప్పుమంది, సీసా మొత్తం ఒంపుకున్నట్టు. తొట్టి కంపు దాచడానికి ఇంత అవసరమా అనుకుంది అనూష.

ఆయన బేకరీ పొట్లం విప్పి కారం బిస్కెట్లు ముందుకు తోశాడు. పొట్లం దారాన్ని వేలికి చుట్టుకుంటూ అడిగాడు. "ఎవరైనా పేరు ఇచ్చినారా?"

"లేదు సార్. మీరంటే భయం."

"భయం ఉండనీ. సుమ్నే, ఊరికే గలాటా ఎందుకు? రేపు పేపర్లో వస్తే షెడ్డుకు బీగం పడుతుంది. ఆరు ఇండ్లు వీధిన పడతాయి. మీ సంఘం వచ్చి అన్నం పెడుతుందా?"

"కనీసం ఆ ఆవిరి బయటికి పోయేలా ఒక ఫ్యాన్ పెట్టించండి సార్. ఆ వాసనకి నిలబడలేకపోతున్నాను."

"వాసనా? ఏం వాసన? నాకేమీ రావడం లేదే."

అంత నిబ్బరంగా అబద్ధమాడే మనిషిని అనూష ఎప్పుడూ చూడలేదు. ఆయన వెనక పాలు అడుగంటి గది నిండా మాడు వాసన కమ్ముకుంటోంది. ఆయన కదలడే.

"సార్, పాలు!"

గోపాలప్ప తిరిగి చూసి ఉలిక్కిపడి స్టవ్వు ఆపాడు. "మాటల్లో పడి చూసుకోలేదు." ఆ మాడిన పాలతోనే కాఫీ కలిపి ఆమెకొక గ్లాసు ఇచ్చి, తనది గుక్కలో తాగేశాడు. "బాగుండాది కదా? మా ఇంటామె పద్మావతి కూడా ఇంత బాగా కలపదు."

అనూష గ్లాసు పెదవిదాకా తెచ్చి దించేసింది. బయట సుంకన్న దగ్గు వినిపించింది. ఇంక ఐదు నిమిషాలుంది.

"సార్," గ్లాసు పక్కకి నెట్టి అంది అనూష. "మీరు ఈ గదిలో కూర్చుంటారు. అత్తరు పూసుకుంటారు. ఆ తొట్టి మనిషిని ఏం చేస్తుందో మీకేం తెలుసు?"

గోపాలప్ప ముఖం గట్టిపడింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. తలుపు మూసి గడియ పెట్టాడు.

అనూష ఫారాన్ని ఒడికి అదుముకుంది. షట్టరు దించి ఉంది. గదికి ఇంకో దారి లేదు. అరిస్తే వచ్చేది ఆయన పనివాళ్లే.

గోపాలప్ప ఆమె ఎదురుగా వచ్చి నిలబడి, వేలికి చుట్టుకున్న పొట్లం దారాన్ని విప్పి, ఒక ముక్కురంధ్రంలో దూర్చి రెండో దాంట్లోంచి మెల్లగా బయటికి లాగి, "మొదటి పేరు నాది రాసుకో పాపా," అన్నాడు.