దర్జీ ముక్కుదిబ్బడ

“సాయంత్రం అక్క వస్తుంది. తనతో వెళ్తే మళ్ళీ రాను.”

భార్య అన్న ఆ మాటకు దర్జీ గుమ్మంలో ఆగాడు. “నీ ఇష్టం” అన్నాడు. “ఆవిరి పట్టుకునే వేళైంది.”

వంటింట్లోంచి తపేలా మోసుకుంటూ ముందుగదిలోకి పోయాడు. “ఎవరూ ఇటు రాకండి. వేడినీళ్ళు, ఒలికితే కాలుతుంది.” కుర్చీ లాగిన చప్పుడైంది. మందపాటి దుప్పటి దులిపిన చప్పుడైంది. ఆ వెంటనే ముక్కు ఎగబీల్పులు మొదలయ్యాయి.

మంచం మీద అతని భార్య గోడవైపు తిరిగింది. ఆస్పత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చి నెలైంది. గాలి తగలకూడదని ఉన్న ఒక్క కిటికీ మూసేశారు. గడప దాటనివ్వరు, పాప మాట ఎత్తనివ్వరు. “అయిందేదో అయింది, మరిచిపో” అన్నది అత్తగారి శాసనం. భర్తకు ఆ మాట చెప్పాల్సిన పనే పడలేదు. పాప పోయిన రోజు కూడా అతని కంట చుక్క నీరు రాలేదు. మూడో రోజుకల్లా కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. వారం తిరిగేసరికి జలుబు తెచ్చుకున్నాడు. అప్పట్నుంచీ ఇంట్లో అందరి నోటా ఆ ముక్కు భాగవతమే.

మొదట్లో పాపం నిజంగానే అవస్థ పడ్డాడు. నుదురు బరువు, బుగ్గల్లో సలుపు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కుట్టే మనిషికి ముక్కు కూడా మూసుకుపోతే ఊపిరెక్కడిది?

యాంటీబయాటిక్ రాయమని అడిగితే డాక్టరు ససేమిరా అన్నాడు. “సైనస్ వాచింది. ఇది వైరస్ పని, ఆ మాత్రలకు లొంగదు. ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కో. నొప్పికి ఈ బిళ్ళ వేసుకో. ఆవిరి పడితే కాస్త హాయిగా ఉంటుంది. పది రోజుల్లో దానంతటదే పోతుంది. పోకపోయినా, తగ్గి మళ్ళీ తిరగబెట్టినా నా దగ్గరికి రా” అన్నాడు.

పది కాస్తా ఇరవై అయ్యాయి. పూటపూటా పావుగంట ఆవిరి మాత్రం తప్పలేదు.

అత్తగారు కంచంతో వచ్చింది. “ఈ పూటకి హోటలు భోజనమే తల్లీ. పొద్దున్నే ఏమైందంటే...”

“నాకు ఆకలి లేదత్తయ్యా. నిన్న డాక్టరేమన్నాడు?”

“ముక్కు శుభ్రంగా ఉందన్నాడు. బుగ్గలు నొక్కి చూశాడు, నొప్పే లేదు. ఇంకా ఆవిరెందుకయ్యా అని అడిగితే, పడితే తేలిగ్గా ఉంటుందన్నాడట వీడు.”

“కొట్లో నోటినిండా సూదులు పెట్టుకునే కుడుతున్నారట కదా.”

“అదే నాకూ అంతు పట్టడం లేదు” అంది అత్తగారు. కంచం స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయింది.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. లేని జబ్బుకి ఇంత సేవ. కన్నబిడ్డ కోసం ఒక్క నిట్టూర్పు లేదు. భార్య ఇల్లొదిలి పోతానంటే, తపేలా పట్టుకుని పోయాడు మహానుభావుడు. ఇలాంటి మనిషితో ఈ మూసిన గదిలో ఇంకొక్క రోజు ఉన్నా తన ఊపిరి ఆగిపోతుంది.

లేచి సంచి సర్దుకుంది. నాలుగు చీరలు, దువ్వెన, మాత్రల పొట్లం. పాప కోసం అతను మిగులు ముక్కలతో కుట్టిన చిన్న బొంత అలమరలో కనిపించలేదు. అదీ పారేసి ఉంటాడనుకుంది. సంచి మూతి బిగించింది.

బయల్దేరే ముందు మాత్ర వేసుకోవాలి. అది వేణ్ణీళ్ళతోనే మింగమన్నారు. గిన్నె కోసం వంటింటివైపు నడిచింది. ముందుగదిలో అతను దుప్పటి కింద ముద్దలా వంగి ఉన్నాడు. ఎగబీల్పులకు భుజాలు అదిరిపోతున్నాయి. ఎంత పీల్చినా తనివి తీరదు కాబోలు, అనుకుని ఆగకుండా దాటిపోయింది.

గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. మర తిప్పి అగ్గిపుల్ల గీసింది. అంటుకోలేదు. ఇంకోటి గీసింది. అదీ వేలిదాకా కాలి ఆరిపోయింది.

“పొయ్యి వెలగడం లేదేంటత్తయ్యా?”

పెరట్లోంచి అత్తగారు తల తిప్పకుండానే జవాబిచ్చింది.

“పొద్దున్నే గ్యాసయిపోయింది కదమ్మా.”

ముందుగదిలోంచి ఎగబీల్పులు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి.