కుర్చీ వెనక

"తినేవాళ్ల కుర్చీ వెనక నిలబడి, ఎప్పుడు లేస్తారా అని ప్లేట్లోకి చూడటం ఏం మర్యాద నాన్నా?" అంది నిలోఫర్.

ఏలూరులో వాళ్ల నాన్న ఖలీద్ నడిపే బిర్యానీ హోటల్ కోసం ఆమే ఒక యాప్ తయారుచేసింది. గుమ్మం దగ్గర పేరు, నంబరు ఇచ్చి బజారులో తిరగొచ్చు. టేబుల్ ఖాళీ కాగానే ఫోన్ మోగుతుంది.

"యాప్‌లో పేరు లేకపోతే చుట్టాలకైనా సరే టేబుల్ ఇవ్వకండి."

"అలాగేనమ్మా," అన్నాడు ఖలీద్.

శనివారం కుర్చీల వెనక ఎవరూ లేరు. దాంతో తినేవాళ్లకి తొందర పోయింది. చేతులెండిపోతున్నా రొయ్యల రేటు గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు. బజారులో తిరిగేవాళ్లు విసిగిపోయి పక్క హోటల్లో తినేశారు.

"రేపూ ఇంతే అయితే నీ యాప్ తీసేద్దామమ్మా."

నిలోఫర్ వెంటనే యాప్ మార్చింది. 'నిదానంగా తినండి, బయట కొందరు ఎదురుచూస్తున్నారండీ' అని తినేవాళ్లకి మెసేజ్ వెళ్లే ఏర్పాటు చేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఫోన్ చూస్తే టేబుళ్లు చకచకా ఖాళీ అవుతున్నాయి. అంతా తన మెసేజ్ మహిమే అనుకుని, పొంగిపోతూ హోటల్‌కి వెళ్లింది.

ఆకివీడు బాబాయిలు ముగ్గురూ తలో కుర్చీ వెనక నిలబడి, తినేవాళ్ల ప్లేట్లలోకి ఆబగా చూస్తున్నారు.

"బాబాయిలేంటి నాన్నా, ఇలా నిలబడ్డారు?"

"భోజనానికి పిలిచానమ్మా."

"మరి కూర్చోబెట్టలేదేం?"

"యాప్‌లో వాళ్ల పేర్లు లేవు," అన్నాడు ఖలీద్. "చుట్టాలకైనా సరే ఇవ్వొద్దన్నావుగా!"