మోతచొక్కా

మోతచొక్కాలు వచ్చాక జవాన్లను మెచ్చుకునేవాళ్లే కరువయ్యారు. అది తొడుక్కుంటే సాటి మనిషిని దూదిమూటలా మోసుకు రావచ్చు. దెబ్బ తగిలినవాడికి తొడిగితే అదే శిబిరానికి నడిపించుకొస్తుంది. అందుకే తవిటినాయుడు కాల్పుల్లోంచి ఇద్దరిని బతికించి తెచ్చాడంటే, ఊరంతా "చొక్కా తెచ్చిందిలే" అనేసింది. భార్య పైడమ్మా అదే అనుకుంది. సెలవుకొచ్చిన మొగుడు బియ్యం బస్తా ఎత్తమంటే నడుం పట్టుకునేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"చొక్కా లేకపోతే బస్తా కూడా లేవదేటి బావా?"

అతను నవ్వేశాడు.

అంతలో పటాలం నుంచి మేజరమ్మ వచ్చింది. "నాయుడూ, ఆ రోజు నీ చొక్కాలో నమోదైన గుండెచప్పుడు నీది కాదు. ఏం చేశావు?"

అతను తల గోక్కున్నాడు. "ఇద్దరికీ కాళ్లలో తూటాలు దిగాయి మేడమ్. చొక్కాతో ఒక్కణ్ణే మొయ్యగలం, రెండోవాడు అక్కడే ఉండిపోతాడు. అందుకని లావుపాటివాడికి అది తొడిగేసి, రెండోవాణ్ణి నా వీపున వేసుకున్నాను."

"ఎంత దూరం?"

"నాలుగు కిలోమీటర్లుంటుందండి."

"కాల్పుల మధ్య, ఒంటిమీద ఏమీ లేకుండానా?"

"బనీనుందండి."

"మరి చెప్పలేదేం?"

"ఇచ్చిన చొక్కా ఇంకొకడికి తొడిగితే శిక్ష కదండీ!"

మేజరమ్మ నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టింది.

పైడమ్మ బస్తాను తానే ఎత్తి లోపల పడేసి, ఆముదం గిన్నెతో బయటికొచ్చింది.

"బోర్లా పడుకో బావా," అంది, మేజరమ్మ ఉందని కూడా చూడకుండా.